వరిగడ్డి: గ్యాస్ ప్లాంటుకు అమ్మాలా, మడిలోనే దున్నాలా?

కోత యంత్రం మడి దాటగానే రైతుకు రెండు సలహాలు ఎదురవుతాయి. గడ్డి కట్టలు కట్టి బయోగ్యాస్ ప్లాంటుకు అమ్మమని ఒకటి, మడిలోనే కలియదున్నమని ఇంకొకటి. ఇంట్లో పశువులున్నవారికి ఈ చర్చ అక్కర్లేదు, ముందు వాము వేసుకోవాలి. ఇక నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమ్మకంలో మడి త్వరగా ఖాళీ అవుతుంది, చేతికి నాలుగు రూపాయలూ వస్తాయి. కానీ గడ్డి తేలిక, లారీ నిండా ఎత్తినా బరువు తూగదు. ప్లాంటు దూరమైన కొద్దీ ధరలో ఎక్కువ భాగం కట్టలు కట్టే బేలరు యంత్రానికీ లారీ కిరాయికీ పోతుంది. హర్యానాలోని పానిపట్‌లో 2022లో మొదలైన, గడ్డి నుంచి ఇథనాల్ ఇంధనం తీసే కర్మాగారానికి ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి కావాలి. కొన్ని వారాల్లో ముగిసే కోతల నుంచి ఏడాది పొడవునా సరిపడా గడ్డి సేకరించి, వానకూ నిప్పుకూ చిక్కకుండా దాచాలి. ఆ ఖర్చూ చివరికి గడ్డి ధరలోనే తెగుతుంది.

అసలు నష్టం కంటికి కనిపించదు. టన్ను వరిగడ్డిలో 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటుంది, అంటే ఇంచుమించు అర బస్తా ఎరువు. ఎకరం నుంచి రెండు టన్నులు పంపితే ఒక బస్తా పొటాష్ లారీ ఎక్కినట్టే. ఆ ఎరువును మన దేశం దాదాపు మొత్తంగా దిగుమతి చేసుకుంటోంది మరి!

అలాగని దున్నడమే ఎప్పుడూ మేలని అనను. వానాకాలం కోతకూ రబీ నాట్లకూ మధ్య వ్యవధి తక్కువ. పచ్చిగా కలిపిన గడ్డి కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని పట్టేసుకుంటుంది, నారు పసుపెక్కుతుంది. పైగా నీరు నిలిచిన మడిలో అది మీథేన్ అవుతుంది. ప్లాంటువారు పట్టి అమ్ముకునే వాయువే మడిలోంచి గాలిలో కలుస్తుందన్నమాట.

ఊరికొక చిన్న ప్లాంటు పెడితే? హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీస్తున్నారు. కూరగాయ ఇట్టే కుళ్లుతుంది. గడ్డిలో త్వరగా కుళ్లనివ్వని సిలికా, లిగ్నిన్ ఎక్కువ, నరికి నానబెట్టి పేడ కలపనిదే దారికి రాదు.

నా ఓటు కాలాన్ని బట్టి ఉంటుంది. రబీ గడ్డిని వేసవి జల్లులకు దున్నేయండి, నీరు కట్టేలోగా మాగుతుంది. వానాకాలం గడ్డిని అమ్మండి, అయితే రైతు సంఘం ద్వారానే. బయోగ్యాస్ తీశాక పొటాష్ ప్లాంటులో మిగిలే చిక్కటి స్లర్రీలోనే ఉంటుంది, అది ఎరువుగా పనికొస్తుంది. ఇలాంటి ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల కేంద్ర సాయం 2023లోనే మంజూరైంది. ఒప్పందంలో గడ్డి ధరతోపాటు, టన్ను గడ్డికి ఎంత స్లర్రీ మడికి తిరిగి రావాలో కూడా రాయించుకోండి.