నాలుగేళ్లు, రెండు బానెట్లు: ఇంట్లో చేసిన కార్బన్ ఫైబర్ మీద ఒకే ఒక్క ఫిర్యాదు

నా కారుకి ఇంట్లో కార్బన్ ఫైబర్‌తో చేసిన బానెట్ మీద నాకు కోపం లేదు. కోపమల్లా "వీలుంటే పోస్ట్ క్యూర్ చేసుకోండి" అనే మాట మీద. పోస్ట్ క్యూర్ అంటే గది వేడిమిలో గట్టిపడిన భాగాన్ని తర్వాత ఓవెన్‌లో నిదానంగా వేడిచేసి పూర్తిగా గట్టిపరచడం. ఇంట్లో వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్ (పొడి కార్బన్ గుడ్డ మీద సంచి కప్పి, గాలి లాగేసి, రెజిన్ అనే జిగురు ద్రవాన్ని పారించడం) చేసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట అది, నేనూ కొందరికి చెప్పాను. టర్బో ఇంజిన్ మీద కూర్చునే భాగానికి అది వీలుంటే చేసే పని కాదు. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ కలపడం ఎంత తప్పనిసరో అదీ అంతే.

కార్బన్ ఎందుకు తేలిక అన్నది అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నా లెక్క మాత్రం ఇది. కంపెనీ ఇచ్చిన స్టీలు బానెట్ 14.6 కిలోలు. నేను చేసినది బిగించే పిన్నులు, హింజ్ ప్లేట్లు, పైన వేసే రంగులేని పూత (క్లియర్ కోట్)తో సహా 5.3 కిలోలు. పై భాగంలో ముందు 200 గ్రాముల ట్విల్ (ఏటవాలు నేత కార్బన్ గుడ్డ) ఒక పొర, దాని వెనక 45 డిగ్రీల బయాక్సియల్ (రెండు దిశల్లో పోగులున్న గుడ్డ) 400 గ్రాములది, ఆపైన 3 మి.మీ. పీవీసీ ఫోమ్ కోర్, మళ్లీ అదే బయాక్సియల్ ఇంకో పొర. లోపలి ఫ్రేమ్ వేరే అచ్చులో తీసి ఎపాక్సీ జిగురుతో అంటించాను. రెజిన్, హార్డెనర్ బరువు లెక్కన 100కి 30. సంచిలోకి గాలి చొరబడుతోందేమో అని పంపు లైను మూసి పావుగంట చూసినప్పుడు గేజి 10 మిల్లీబార్ కంటే ఎక్కువ పడితే రెజిన్ కలపలేదు. ఈ విషయంలో నేను ఎక్కడా రాజీ పడలేదు.

మొదటి ఏడాది ఎవరడిగినా ఆకాశానికెత్తాను. బరువు మూడో వంతుకు దిగింది, నడుమ అరచేత్తో నొక్కినా వంగదు, ట్రాక్ మీద వేగంగా పోతున్నా వణుకు లేదు అని. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ ఏడాదంతా బండి ఎక్కువగా నీడలోనే ఉంది, అది అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండో వేసవిలో బండి ఎండలో నిలవడం మొదలైంది. తేడా ముందు కనిపించింది మెరుపులో. ట్యూబ్‌లైట్ కింద నిలబెడితే దాని ప్రతిబింబం బానెట్ మీద తిన్నగా గీత గీసినట్టు పడాలి. టర్బోకి సరిగ్గా పైన, రెండు అరచేతుల మేర, ఆ గీత రంపం పళ్లలా చెదిరిపోయేది. గోటితో తడిమితే ట్విల్ నేత గళ్లు వేలికి తెలిసేవి. ఇంకో పది రోజులకు ఫోమ్‌లో రెజిన్ పారడానికి కోసిన కాలువలు సన్నటి గీతలై పైకి తేలాయి. చివరికి వెనక అంచు నడుమ 4 మి.మీ. పైకి లేచింది, అదీ రబ్బరు సీలు కింది నుంచి ఒత్తే చోటే. నాణెంతో తట్టి చూస్తే మోత అంతటా ఒకేలా ఉంది. పొరలు విడలేదు, పగులు లేదు. మెత్తబడి, ఎవరు ఎటు నెడితే అటు ఒంగి, చల్లారాక అలాగే బిగుసుకుపోయింది.

కారణం రెజిన్‌లోనే ఉంది. గది వేడిమిలో గట్టిపడిన ఇన్‌ఫ్యూజన్ ఎపాక్సీకి టీజీ, అంటే అది గాజులా బిర్రుగా ఉండటం మాని రబ్బరులా మెత్తబడే ఉష్ణోగ్రత, మామూలుగా 50 నుంచి 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గట్టిపడేకొద్దీ లోపల అణువులకు కదిలే చోటు ఉండదు. ఇంకా కలవాల్సిన హార్డెనర్ మిగిలే ఉన్నా చర్య నిలిచిపోతుంది. పైనుంచి వేడి ఇస్తే తప్ప మళ్లీ సాగదు. చేతికి రాయిలా తగులుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. తర్వాత ఇంజిన్ వేడి తగిలినప్పుడు ఆ మిగిలిన చర్య అచ్చు ఆధారం లేకుండా బండి మీదే జరుగుతుంది. కార్బన్ పోగు వేడికి దాదాపు సాగదు, ముడుచుకోదు. పోగులు ఒకదాన్నొకటి దాటే చోట గుంటల్లో నిలిచిన రెజిన్ మాత్రం ముడుచుకుంటుంది. పైకి కనిపించే గళ్లు అవే.

ఎంత వేడి అన్నది ఊహించడం మాని వేడి కొలిచే తీగలు (థర్మోకపుల్స్) నాలుగు అంటించి చూశాను. బండి నడుస్తున్నంతసేపూ టర్బో పైన లోపలి వైపు 62 డిగ్రీలు దాటలేదు. ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు అదే చోట 97. పైన ఎండ తగిలే నల్లటి వైపు 78. ఆగాక గాలి ఆడదు, టర్బో ఇనుము దాచుకున్న వేడంతా నిటారుగా పైకే వస్తుంది. అంటే ట్రాక్ మీద గంటసేపు తోలినప్పుడు పెద్దగా ఏమీ కాని బానెట్, తోలడం ఆపి టీ తాగేలోపు పాడవుతుంది. ఇది తెలిశాక గాలి కంతుల సంగతీ మారింది. మొదటి బానెట్‌కి వెనక, అద్దం దగ్గర పెట్టాను. బండి నిలబడి ఉన్నప్పుడు అవి వేడిని బాగానే వదిలేవి. కానీ వేగంలో అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అక్కడ గాలి బయటికి పోవడానికి బదులు లోపలికే రావాలని చూస్తుంది. రెండోదానికి రేడియేటర్ వెనక, బానెట్ ముందు సగంలో పెట్టాను.

రెండో బానెట్‌కి పొరలు అవే. మారినదల్లా ఓవెన్, దానివల్ల అచ్చు. ఓవెన్ అంటే 50 మి.మీ. పీఐఆర్ బోర్డులను (వేడి బయటికి పోనివ్వని ఫోమ్ పలకలు) ఫాయిల్ టేపుతో అతికించిన పెట్టె. మొదట మామూలు గది హీటరు లోపల పెట్టాను, తప్పు. అది పీల్చే గాలే వేడిగా ఉంటే దాని భద్రతా స్విచ్ హీటరుని ఆపేస్తుంది. ఆ స్విచ్‌ని తప్పించే పని ఎవరూ చేయొద్దు, అగ్గి పుడుతుంది. 2 కిలోవాట్ల ఫిన్ ఎలిమెంట్, మోటారు పెట్టె బయట ఉండేలా ఫ్యాను, వేడిని అనుకున్న చోట నిలిపే పీఐడీ కంట్రోలర్, దానికి సంబంధం లేకుండా 95 దగ్గర కరెంటు ఆపే విడి కటౌట్. సెన్సర్ గాలిలో వేలాడదీయకండి, కార్బన్‌కే అంటించండి. గాలి 80 చూపిస్తున్నప్పుడు నా అచ్చు అడుగు 66 దగ్గరే ఉంది. ఫ్యాను ముందు రేకు అడ్డం పెట్టి గాలిని నేల వెంట తిప్పాక తేడా 4 డిగ్రీలకు వచ్చింది.

పాత అచ్చు పాలియెస్టర్‌ది, ఆ వేడికి తానే వంగుతుంది. కాబట్టి స్టీలు బానెట్ మీద నుంచి ఎపాక్సీ టూలింగ్ రెజిన్‌తో కొత్త అచ్చు తీసి, ముందు దాన్ని 80 దాకా పోస్ట్ క్యూర్ చేయాల్సి వచ్చింది. మొత్తం వ్యవహారంలో ఎక్కువ శ్రమ, ఎక్కువ ఖర్చు ఇక్కడే. బానెట్ అచ్చుకి అంటుకోకుండా పూసే రిలీజ్‌కి కార్నుబా మైనం కూడా మానేశాను. అది కరిగేదే 82 డిగ్రీల నుంచి, మనం వెళ్లేది 80కి, ఆ రెండు డిగ్రీల్లో బానెట్‌ని పణంగా పెట్టలేను. సెమీ పర్మనెంట్ రిలీజ్ ఆరు పూతలు వేశాను.

ఇన్‌ఫ్యూజన్ అయ్యాక ఒక రోజు గదిలోనే, వాక్యూమ్ తీయకుండా. తర్వాత అచ్చులోనే ఓవెన్‌లోకి. గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచుతూ 40 దగ్గర రెండు గంటలు, 60 దగ్గర రెండు గంటలు, 80 దగ్గర ఆరు గంటలు. దించేటప్పుడు గంటకు 15 డిగ్రీలు, 40 లోపు వచ్చేదాకా తలుపు తీయను. నిదానం ఎందుకంటే, వేడి పెరిగేకొద్దీ టీజీ కూడా దాని ముందే పెరుగుతూ పోవాలి. తొందరపడితే వేడి టీజీని దాటేస్తుంది, బానెట్ అచ్చులోనే మెత్తబడుతుంది. మీ రెజిన్ డబ్బా కాగితంలో వేరే పట్టిక ఉంటే అదే పాటించండి, నాది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి వరస. క్లియర్ కోట్ పోస్ట్ క్యూర్ తర్వాతే. ఓవెన్‌లోంచి తీసిన బానెట్ మీద కూడా నేత కాస్త తేలుతుంది. దాన్ని నీళ్లతో 400, 800 నంబరు గరుకు కాగితాలతో చదును చేసి, ఆపైన యూవీ తట్టుకునే టూ కే (రెండు భాగాలు కలిపి వేసే) క్లియర్ వేస్తే ఇక కదలదు. ముందే క్లియర్ వేసి తర్వాత కాల్చితే ఆ పూత అంతా గోకి పారేయాల్సిందే. పొడిగా అస్సలు రుద్దకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, పైగా కరెంటు ప్రసరింపజేస్తుంది, ఓవెన్ కంట్రోలర్‌లోకి పోతే షార్టే.

80 దగ్గర కాల్చినా టర్బో పైన 97కి అది చాలదు. అందుకని టర్బోకి వేడిని ఆపే దుప్పటి, బానెట్ లోపల 0.5 మి.మీ. అల్యూమినియం రేకు, మధ్యలో 10 మి.మీ. గాలి సందు. ఇప్పుడు అక్కడ ఆపాక 71. రేకుని కార్బన్‌కి నేరుగా తగలనివ్వకండి, తడి తగిలితే అల్యూమినియం తెల్లగా పొడై తినేసుకుపోతుంది. నైలాన్ స్పేసర్లు, హింజ్ ప్లేట్ల కింద ఒక పొర గ్లాస్ క్లాత్ చాలు. పిన్నులు వచ్చే చోట 60 మి.మీ. మేర ఫోమ్ తీసేసి కార్బన్ పొరలతోనే నింపండి. మొదటిదానికి చేయలేదు, పిన్ను వాషరు ఫోమ్‌ని నలిపి గుంట పెట్టింది. "నడుమ వంగదు" అని మెచ్చుకున్న బానెటే అది.

బరువు గురించి కూడా ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను. 9.3 కిలోలు తగ్గడం కాగితం మీద బాగుంటుంది, స్టీరింగ్‌లో మాత్రం నాకు తెలియలేదు. తెలిసేది ఒంటి చేత్తో ఎత్తినప్పుడు. ఢీకొన్నప్పుడు స్టీలు బానెట్ మడతపడేలా తయారుచేసి ఉంటుంది, ఇది మడతపడదు, చీలుతుంది. రోజూ జనం మధ్య తిరిగే బండికి నేనైతే పెట్టను. నాది వారాంతాల్లో మాత్రమే బయటికి వచ్చే బండి, గ్యారేజీలో మూడు రోజులు ఓవెన్‌కి వదిలే చోటుంది, ఆ రెండూ ఉన్నాయి కాబట్టే మూడోది చేయాల్సి వచ్చినా చేస్తాను. టర్బో లేని ఇంజిన్, ఎగ్జాస్ట్ వెనకవైపు కిందికి దిగే బండి అయితే 60 దాకా కాల్చినా సరిపోవచ్చు, కానీ ముందు థర్మోకపుల్ పెట్టి చూసుకోండి. ఓవెన్ కట్టే చోటు లేకపోతే బానెట్ వదిలేసి స్ప్లిటర్ (ముందు బంపరు కింద ఉండే పలక) లాంటి చల్లటి చోట ఉండే భాగాలు చేయడం నయం.

రెండో బానెట్‌కి 26 నెలలు నిండాయి, అందులో రెండు వేసవులు పూర్తిగా ఎండలోనే గడిచాయి. ప్రతి నెలా వెనక అంచు మీద స్టీలు స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజితో (సన్నటి సందులు కొలిచే రేకులు) సందు కొలుస్తున్నాను. మొదటి వేసవిలో 0.3 మి.మీ. వచ్చింది, అక్కడి నుంచి కదల్లేదు.