నాదత, మహాప్రాణత: ఈ రెండూ ఒకటి కావు

హల్లులను వర్ణించేటప్పుడు నాదతను, మహాప్రాణతను కలగలిపి, గ, ఖ రెండూ క కంటే ‘ఒత్తి పలికేవే’ అని సరిపెట్టుకోవడం తరచుగా కనబడుతుంది. నిజానికి నాదత స్వరతంత్రుల కంపనానికి సంబంధించినది: గొంతు మీద వేలు ఆనించి ‘స్’ అని సాగదీస్తే ఏమీ తెలియదు, ‘మ్’ అని సాగదీస్తే అదురు తెలుస్తుంది. మహాప్రాణత స్పర్శధ్వని (నోట్లో గాలిని క్షణం ఆపి వదిలే క, ప వంటి ధ్వని) విడివడిన వెంటనే వెలువడే అదనపు ఊపిరికి సంబంధించినది. పెదవుల ముందు పలుచని కాగితం పట్టుకుని ప, ఫ పలికితే (ఫ్యాన్‌లోని ధ్వని కాదు, రెండు పెదవులూ మూసి పలికే ఫ) రెండోసారే కాగితం బాగా ఎగురుతుంది.

తెలుగు దేశ్యపదాల్లో అర్థాన్ని వేరుచేసే పని నాదతదే. కంప, గంప ఇందుకు చాలు. మహాప్రాణాలు ప్రధానంగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఉంటాయి, మామూలు ఉచ్చారణలో చాలాసార్లు జారిపోతాయి కూడా. ఇంగ్లీషులో ‘పిన్’ మొదటి ధ్వనికి ఊపిరి తోడవుతుంది, ‘స్పిన్’లో తోడవదు, అయినా ఆ తేడా అర్థాన్ని మార్చదు. హిందీ నాదత, మహాప్రాణత రెండింటినీ వాడుకుని క, ఖ, గ, ఘలను నాలుగు వర్ణాలుగా నిలుపుకుంది.

1964లో లిస్కర్, అబ్రంసన్ అనే పరిశోధకులు, స్పర్శం విడివడడానికీ కంపనం మొదలవడానికీ మధ్య వ్యవధిని కొలిచి, గ, క, ఖలను ఒకే కొలబద్ద మీద చూపవచ్చన్నారు. సొగసైన ఆలోచనే గాని, ఘ దగ్గర అది తడబడుతుంది. అక్కడ తంత్రులు కంపిస్తూనే ఊపిరినీ వదులుతాయి కనుక, వర్ణనకు రెండు పదాలూ విడివిడిగా కావలసిందే.