ఇంట్రో సైకాలజీ: సమ్మర్‌లో అవగొట్టేయడం మేలా, సెమిస్టర్‌లోనే చదవడం మేలా?

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి ఎక్కడో ఒకచోట ఇంట్రో సైకాలజీ, అంటే సైకాలజీ తొలి పరిచయ కోర్సు, తగులుతుంది. సైకాలజీ మేజర్లకు (దాన్నే ప్రధాన సబ్జెక్టుగా చదివేవాళ్లకు) అది మొదటి మెట్టు, బిజినెస్ వాళ్లకు జనరల్ ఎడ్యుకేషన్ లెక్కలోకి వచ్చే కోర్సు. ఇక మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యే ప్రీమెడ్ పిల్లలైతే దాన్ని పక్కన పెట్టే వీలే లేదు. 2015లో మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌ను మార్చినప్పుడు మనస్తత్వం, సమాజం మీద 95 నిమిషాల్లో 59 ప్రశ్నల సెక్షన్ ఒకటి కొత్తగా చేర్చారు. అందుకే మే నెల రాగానే అక్కడి మన ఇళ్లలో "ఖాళీగా ఉండటం ఎందుకు, ఆ సైకాలజీ ఏదో సమ్మర్‌లో అవగొట్టెయ్" అనే మాట వినిపిస్తుంది.

ఆ మాట సగం నిజం. ఇంట్రో వరకూ సమ్మర్‌లో తీసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ మాత్రం సెమిస్టర్‌కే వదిలేయాలని నా గట్టి అభిప్రాయం.

ముందు గంటల లెక్క చూద్దాం. మూడు క్రెడిట్ల కోర్సుకు మామూలు సెమిస్టర్‌లో వారానికి మూడు గంటలు క్లాసు, బయట ఆరు గంటలు చదువు అనేది అక్కడి అంచనా. 15 వారాలకు 135 గంటలు. అదే కోర్సును ఆరు వారాల సమ్మర్ సెషన్‌లో కుదిస్తే వారానికి 22 గంటలు దాటుతుంది. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల ఉచిత సైకాలజీ పుస్తకంలో 16 అధ్యాయాలున్నాయి. అంతా చెప్పాలంటే వారానికి దాదాపు మూడు. సోమవారం న్యూరాన్లు, బుధవారం నిద్ర, కలలు, శుక్రవారం చూపు, వినికిడి, ఆ పై సోమవారం వాటన్నిటి మీదా పరీక్ష. మధ్యలో రెండు రోజులు జ్వరం వచ్చిందంటే సెమిస్టర్‌లో ఒక వారం పాఠం పోయినంత నష్టం.

తమాషా ఏమిటంటే, ఇలా హడావుడిగా చదవడం మంచిది కాదని చెప్పేది కూడా ఆ పుస్తకంలోని జ్ఞాపకశక్తి అధ్యాయమే. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. ఒక్కరోజే 68 సార్లు చదివితే ఎంత గుర్తుందో, మూడు రోజుల మీద విడతలుగా 38 సార్లు చదివితే అంతే గుర్తుందట. సమ్మర్ కోర్సులో మార్కులు రావని కాదు, బాగానే వస్తాయి. రెండేళ్ల తర్వాత ఎంక్యాట్‌కు కూర్చున్నప్పుడు ఎంత మిగిలి ఉంటుందన్నదే అనుమానం. ఆ సెక్షన్‌లో సుమారు 65 శాతం ఇంట్రో సైకాలజీ స్థాయి విషయమే మరి. సమ్మర్‌లో చదివినా నోట్సు పారేయకుండా నెలకోసారి తిరగేసే అలవాటున్న పిల్లలకు ఈ భయం అక్కర్లేదు.

ఇక ఎక్కడ చదవాలన్నది. సొంత యూనివర్సిటీలోనైతే క్రెడిట్లకు బెంగ లేదు, గ్రేడు నేరుగా జీపీఏలో పడుతుంది. ఫాల్ (ఆగస్టు-డిసెంబరు) సెమిస్టర్‌లో పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో ఈ క్లాసుకు వందల మంది హాల్లో కూర్చుంటారు. సమ్మర్‌లో క్లాసు చిన్నది, చెయ్యెత్తి ప్రశ్న అడగొచ్చు. అయితే చాలాచోట్ల చెప్పేది పీహెచ్‌డీ విద్యార్థి. పాఠం బాగానే చెప్తారు కానీ, రేపు సిఫారసు లేఖ కావాలంటే ప్రొఫెసర్ రాసినంత బరువు దానికి ఉండదు.

రెండేళ్ల కోర్సులు చెప్పే స్థానిక కమ్యూనిటీ కాలేజీ గొప్పతనమంతా ఖర్చులో ఉంది. కాలిఫోర్నియాలో స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు (క్రెడిట్‌నే అక్కడ యూనిట్ అంటారు). అంటే మూడు యూనిట్ల కోర్సు ఫీజు 138 డాలర్లు. యూనివర్సిటీ సమ్మర్ ఫీజుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. కానీ క్రెడిట్ బదిలీ అవుతుందో లేదో చేరకముందే తేల్చుకోవాలి. ఆ రాష్ట్రంలో అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో ఉంటుంది. మిగతా చోట్ల అడ్వైజర్‌తో ఈమెయిల్‌లో రాయించుకోవడం మంచిది. నోటిమాట నమ్ముకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇక్కడే ప్రీమెడ్ పిల్లలు పొరబడేది ఒకటుంది. బయటి కాలేజీ గ్రేడు సాధారణంగా సొంత యూనివర్సిటీ జీపీఏలో కలవదు, క్రెడిట్ ఒక్కటే వస్తుంది. "సి వచ్చినా ఎవరికీ కనపడదులే" అనుకుంటారు. మెడికల్ స్కూళ్ల దరఖాస్తు వ్యవస్థ ఆమ్‌కాస్ మాత్రం ఏ కాలేజీలో చదివిన గ్రేడునైనా తన లెక్కలో కలిపేస్తుంది.

స్టాటిస్టిక్స్ సంగతి వేరు. పీ-వ్యాల్యూ (ఫలితం కేవలం యాదృచ్ఛికం అనుకోవచ్చా లేదా అని తూచే కొలత) అంటే ఏమిటో ఒక వారం అర్థం కాకపోతే, ఆ పై వారం నుంచి వచ్చేదంతా దాని మీదే కట్టిన గోడ. సెమిస్టర్‌లో ఆ సందేహం తీర్చుకోవడానికి ప్రొఫెసర్‌ను కలిసే ఆఫీస్ అవర్స్ ఉంటాయి, తోటివాళ్లు ఉంటారు, అన్నిటికన్నా సమయం ఉంటుంది. రీసెర్చ్ మెథడ్స్ కూడా అంతే. సొంతంగా ఒక చిన్న ప్రయోగం రూపొందించి, మనుషుల్ని పోగేసి, డేటా చూసి రిపోర్టు రాయాలి. వేసవిలో క్యాంపస్ ఖాళీ అయ్యాక ఆ మనుషులే దొరకరు.

సైకాలజీనే మేజర్‌గా తీసుకుని, పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకునే పిల్లలకైతే నేను అసలు క్లాసే వద్దంటాను. ఆ వేసవి ఏదైనా ల్యాబ్‌లో గడపడం మేలు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో, డిగ్రీ విద్యార్థులకు పరిశోధన నేర్పేందుకు నడిచే ఆర్‌ఈయూ కార్యక్రమాల్లో అయితే స్టైపెండ్ కూడా ఇస్తారు. కాకపోతే ఆ డబ్బు అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు తమ ప్రొఫెసర్లనే నేరుగా అడిగి ల్యాబ్‌లో చోటు సంపాదించుకోవాలి. వేసవి సెలవుల్లో వాళ్లు కోర్సు తీసుకోకపోయినా స్టేటస్‌కు ఇబ్బంది లేదు, ఫాల్‌లో తిరిగి చేరితే చాలు. చదువు మొదలుపెట్టిందే సమ్మర్‌లో అయితే మాత్రం ఫుల్‌టైమ్ కోర్సులు తప్పవు.

ఇంత చెప్పినా సమ్మర్‌కే మొగ్గితే, మొదటి రోజు సిలబస్‌లో ముందు చూడాల్సింది డ్రాప్ గడువు, అంటే కోర్సును వదిలేసుకోవడానికి ఆఖరి తేదీ. సెమిస్టర్‌లో వారాల్లో ఉండే ఆ గడువు సమ్మర్‌లో కొద్ది రోజుల్లోనే దాటిపోతుంది, చాలాచోట్ల మొదటి పరీక్ష మార్కులు రాకముందే.