ఇల్లు మొదలుపెట్టేది కార్తీకంలోనా, మాఘంలోనా?

అనంతపురంలో స్థలం కొనిపెట్టుకున్న వాళ్లందరికీ వచ్చే ప్రశ్నే ఇది.

నీళ్లు: కార్తీకంలో పునాది తీస్తే స్లాబు మాఘ ఫాల్గుణాల్లో పడుతుంది, అప్పటికి బోరు ఇంకా పోస్తుంటుంది. మాఘంలో మొదలుపెడితే స్లాబు ఏప్రిల్, మే ఎండల్లోకి వస్తుంది, ట్యాంకర్ డబ్బులు లెక్కలో ముందే వేసుకోండి.

క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం): అసలు తేడా ఇక్కడే. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు మామూలుగా కనీసం 10 రోజులు, ఎండ గాలి ఎక్కువుంటే 14 రోజులు తడి ఆరకూడదు. మే నెలలో స్లాబు మీద మడి కట్టి పొద్దున నింపితే సాయంత్రానికి అడుగు కనిపిస్తుంది, మేము మూడు పూటలా గోనెపట్టాలు తడిపినా ఒక మూల వెంట్రుకంత పగుళ్లు వచ్చేశాయి, ఇప్పటికీ అది చూస్తే బాధగానే ఉంటుంది.

వాన: కార్తీకంలో తుఫాను భయం కొంచెం ఉంటుంది. కర్నూలు వైపు నల్లరేగడి అయితే గుంతల్లో నీళ్లు నిలిచి మట్టి ఉబ్బుతుంది, అది ఆరేదాకా ఆగాల్సిందే. మాఘంలో ఆ టెన్షన్ లేదు.

ముహూర్తం: కార్తీకం దాటిన కొన్నాళ్లకే ధనుర్మాసం వస్తుంది, అప్పుడు కొత్త పని ఎవరూ ఎత్తుకోరు, కాబట్టి శంకుస్థాపన ముందే అయిపోవాలి.

డబ్బు చేతిలో ఉండి, నేల ఎర్రమట్టి అయితే కార్తీకమే. లోన్ ఇంకా రాలేదు, లేదా నల్లరేగడి అంటే మాఘం, కానీ స్లాబు మాత్రం ఉగాదిలోపే పోయించుకోండి, కుదరకపోతే తొలకరి దాకా ఆపండి.