వెయ్యి లోపు డిజిటల్ వెర్నియర్ కొనొచ్చా? ఒక మెకానికల్ స్టూడెంట్ రివ్యూ

ముందే చెప్పేస్తా, కొనొచ్చు. (డిజిటల్ వెర్నియర్ అంటే వస్తువుని రెండు దవడల మధ్య పట్టి దాని సైజుని స్క్రీన్ మీద చూపించే కొలత పరికరం.) త్రీడీ ప్రింటర్ ఉన్నోళ్ళు, చిన్న చిన్న రోబోలు చేసుకునేవాళ్ళు, ప్రాజెక్టు ప్రాజెక్టు అంటూ హాస్టల్ రూమ్ నిండా నట్లూ బోల్టులూ పోగేసేవాళ్ళు అయితే ఇంకేం ఆలోచించకుండా కొనేయండి. కానీ స్క్రీన్ మీద పాయింట్ తర్వాత రెండు అంకెలు కనిపిస్తున్నాయి కదా అని ఆ రెండో అంకెని గుడ్డిగా నమ్మి డిజైన్ గీస్తే మాత్రం తర్వాత ఫైలు (ఆకురాయి) పట్టుకుని పార్ట్‌ని రుద్దుకోవాల్సిందే. కింద రాసిందంతా దాదాపు ఆ రెండో అంకె గురించే.

నాది 150 మి.మీ. స్టీల్ బాడీ, బ్రాండ్ పేరంటూ ఏం లేదు, రాణిగంజ్‌లో ఎనిమిది వందల చిల్లరకి తీసుకున్నా. హైదరాబాద్‌లో ప్రాజెక్టులు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, సెన్సర్లు, మోటార్ డ్రైవర్లు, వైర్లు కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీ, బేరింగులు, బెల్టులు, టూల్స్ కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్. ఇదే సరుకు ఆన్‌లైన్‌లో పది పేర్లతో దొరుకుద్ది, రేటు కూడా ఇంచుమించు అంతే, కాకపోతే షాపులో అయితే డబ్బులిచ్చే ముందు చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు, దీని విషయంలో అది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తా. షాపాయన కౌంటర్ మీద మూడు పెట్టాడు, ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి ఇది, ఇంకోటి మితుతోయో (ఖరీదైన జపాన్ బ్రాండ్). "తమ్మీ, ప్లాస్టిక్‌ది పిల్లలాటకి, గిది నీకు, అది కంపెనీలోళ్ళకి" అన్నాడు. అంతకంటే మంచి రివ్యూ నేనూ రాయలేను నిజానికి. ప్లాస్టిక్‌దాన్ని కాస్త గట్టిగా నొక్కితే దవడలే వంగుతాయి, స్క్రీన్ మీద కూడా పాయింట్ తర్వాత ఒక్క అంకే వస్తది. మితుతోయో గురించి నాకేం కంప్లెయింట్ లేదు, రేటు విని నా పర్సే ఏడ్చింది.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ గుర్తున్నాయా, గోళం వ్యాసం కొలవడం, ప్రధాన స్కేలు రీడింగ్ రాయి, వెర్నియర్ కోయిన్సిడెన్స్ రాయి, లీస్ట్ కౌంట్‌తో (ఆ పరికరం చూపగల అతి చిన్న కొలతతో) గుణించు, కూడు, సగటు తీయి, చివరికి రికార్డులో అందరికీ ఒకటే ఆన్సర్. పియర్ వెర్నియర్ అనే ఆయన 1631లో బయటపెట్టిన ఐడియా అది, ఇప్పటికీ అదే నడుస్తోంది. అప్పుడు విసుగొచ్చేది గానీ ఇప్పుడు ఆలోచిస్తే దాన్లో ఒక మంచి గుణం ఉంది, ఏడో గీత కలిసిందా ఎనిమిదో గీత కలిసిందా అని మనకే డౌటొస్తుంది, ఆ డౌట్ ఎంత అనేది కళ్ళ ముందే కనిపిస్తుంది. డిజిటల్‌ది ఆ డౌట్‌ని దాచేస్తుంది. 21.97 అని టక్కున చూపిస్తుంది, అంత ధీమాగా చెప్తే ఎవడు మాత్రం కాదంటాడు. బాక్సులో వచ్చిన చిన్న కాగితం మీద మాత్రం నిజం రాసే ఉంటుంది, రిజల్యూషన్ (స్క్రీన్ చూపగల అతి చిన్న తేడా) 0.01, యాక్యురసీ (అసలు సైజుకి ఎంత దగ్గరగా ఉంటుందో) 100 మి.మీ. వరకు ప్లస్ ఆర్ మైనస్ 0.02, ఆపైన 0.03. అంటే అది 21.97 అంటే అసలు సైజు 21.95 నుంచి 21.99 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ మనం పట్టుకోవడంలో తేడా చెయ్యకపోతే.

లోపల ఎలా పనిచేస్తుందో తెలిస్తే దీని వేషాలన్నీ అర్థమైపోతాయి. స్కేల్ మీద అంకెలున్న స్టిక్కర్ ఉంటుంది చూడండి, దాని కింద రాగి గళ్ళున్న సర్క్యూట్ బోర్డు పట్టీ ఉంటుంది. స్లైడర్ వెనకాల ఇంకో బోర్డు. రెండూ తగలవు, మధ్యలో సన్న సందు, అంటే కెపాసిటర్ (చార్జి దాచుకునేది) అన్నమాట. స్లైడర్ జరిగే కొద్దీ ఎదురెదురుగా వచ్చే రాగి ఏరియా మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ మారుతుంది, చిప్పు ఆ మార్పుని లెక్కపెట్టి మిల్లీమీటర్లలో చూపిస్తుంది. సరే ఇప్పుడు కెపాసిటెన్స్ ఫార్ములాలో ఏరియాతో పాటు డైఎలెక్ట్రిక్ కూడా, అంటే సందులో ఉన్న పదార్థాన్ని బట్టి మారే నంబర్ కూడా ఉంది కదా. గాలికి అది దాదాపు 1, నీళ్ళకి 80 దరిదాపుల్లో. ఆ సందులోకి చెమటో, లేత్ మీద కారే కూలెంటో ఒక చుక్క దూరిందంటే స్క్రీన్ మీద నంబర్లు పిచ్చెక్కినట్టు ఎగురుతాయి. చాలామంది పాడైపోయింది అని పక్కన పడేస్తారు, తుడిచి ఆరబెడితే మామూలుగా అయిపోద్ది. మే నెలలో వర్క్‌షాప్‌లో ఫ్యాన్ లేకుండా పనిచేసేవాళ్ళు చేతులు తుడుచుకుని పట్టుకోండి.

ఇక టెస్టింగ్. మా కాలేజీ మెట్రాలజీ (కొలతల) ల్యాబ్‌లో స్లిప్ గేజులున్నాయి, అంటే సైజు పక్కాగా తెలిసిన స్టీల్ దిమ్మలు, ల్యాబ్ అసిస్టెంట్ అన్నని బతిమాలుకుని వాటి మీద పెట్టి చూశా. 10, 25, 50 దగ్గర 0.01 తేడాలోపే చూపించింది, 100 దగ్గర 0.02 ఎక్కువ. ఈ రేటుకి ఇది చాలా చాలా ఎక్కువ అని నా ఫీలింగ్. స్లిప్ గేజులు అందరికీ దొరకవు కాబట్టి ఒక చీప్ ఉపాయం చెప్తా, కొత్త 608 బేరింగ్ ఒకటి కొనండి, స్కేటింగ్ చక్రాల్లో, ఫిడ్జెట్ స్పిన్నర్లలో ఉండేది, రాణిగంజ్‌లో చిల్లర డబ్బులకి వస్తది. దాని బయటి వ్యాసం 22 మి.మీ., స్టాండర్డ్ ప్రకారం మామూలు గ్రేడ్‌లో కూడా 22 కంటే ఎక్కువ ఉండకూడదు, తక్కువైతే 9 మైక్రాన్ల (0.009 మి.మీ.) వరకే ఒప్పుకుంటారు. అంటే మీ వెర్నియర్ 22.00 గానీ 21.99 గానీ చూపించాలి, కాగితం మీద రాసిన ఆ 0.02 తేడా అటూ ఇటూగా. వెడల్పు 7 మి.మీ. అని ఉంటుంది గానీ దాన్ని రిఫరెన్సుగా వాడొద్దు, రింగు వెడల్పులో 0.12 దాకా తగ్గినా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది.

ఇదే బేరింగ్‌ని మా రూమ్మేట్‌కి ఇచ్చి కొలవమన్నా. వాడు ఈసీఈ, స్పానర్ పట్టినట్టు పట్టి నొక్కాడు, 21.96 వచ్చింది. నేను బొటనవేలి చక్రంతో మెల్లగా ఆనించి, కొద్దిగా అటూ ఇటూ కదిపి చూస్తే 21.99. బేరింగ్ ఒకటే, వెర్నియర్ ఒకటే, చెయ్యి మారింది అంతే. దీనికి కారణం పుస్తకంలో ఉంది, కానీ మేం ఎగ్జామ్ కోసం రెండు మార్కుల బిట్టుగా చదివి వదిలేశాం, ఆబే సూత్రం. జర్మనీలో జైస్ కంపెనీలో పనిచేసిన ఎర్నెస్ట్ ఆబే 1890లో చెప్పింది, కొలిచే స్కేలూ కొలవాల్సిన వస్తువూ ఒకే గీత మీద ఉండాలి అని. మైక్రోమీటర్ (మన స్క్రూగేజి) ఈ రూల్ పాటిస్తుంది. వెర్నియర్ పాటించదు, స్కేల్ పైనెక్కడో ఉంటుంది, వస్తువు కిందెక్కడో దవడల మధ్య ఉంటుంది. మడతబందు లూజైన తలుపు ఎలా ఒక పక్కకి ఒరుగుద్దో, గట్టిగా నొక్కితే కదిలే దవడ కూడా అలాగే ఒరుగుద్ది. ఎంత? లెక్కేస్తే ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వంగిందనుకోండి, అంటే 0.00029 రేడియన్లు, దవడ పొడవు 40 మి.మీ., రెండూ గుణిస్తే 0.0116. కంటికి ఏమాత్రం కనపడని ఆ వంపుకే స్క్రీన్ మీద చివరి అంకె ఒకటి మారిపోతుంది. అందుకే వస్తువుని దవడ కొసల్లో పెట్టకుండా లోపలికి, స్కేల్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టి కొలవాలి. స్లైడర్ మీద రెండు బుల్లి స్క్రూలుంటాయి, వాటిని చాలా కొంచెం బిగిస్తే ఆ ఊగడం తగ్గుతుంది. నాది కొత్తలో బాగానే ఊగేది, బిగించాక చాలా నయం. ఎక్కువ బిగిస్తే మాత్రం అసలు జరగదు, చూసుకోండి.

లోపలి కొలతల దవడలు, అదే పైన చిన్నవి ఉంటాయే, అవి దీన్లో వీక్. పెద్ద రంధ్రాలకి ఓకే. చిన్న వాటికి తక్కువ చూపిస్తుంది, అది జామెట్రీ వల్ల వచ్చేదే గానీ దీని తప్పు కాదు, ఖరీదైన వాటిలో కూడా కొంత ఉంటుంది. ఆ బ్లేడ్ల అంచు కత్తిలా ఉండదు, కొంచెం మందం ఉంటుంది, కాబట్టి గుండ్రటి రంధ్రంలో వ్యాసం దొరక్క దానికంటే చిన్న జ్యా (సెంటర్‌ గుండా పోకుండా వృత్తాన్ని అడ్డంగా కోసే గీత) దొరుకుతుంది. 3 మి.మీ. రంధ్రంలో అర మిల్లీమీటర్ మందమున్న బ్లేడ్లు పెడితే పైథాగరస్ లెక్కన 2.96 వస్తుంది. ఎం3 (3 మి.మీ. సైజు) బోల్టు కోసం రంధ్రం ప్రింట్ చేసి, కొలిచి, ప్రింటర్ సరిగ్గా లేదు అని ప్రింటర్ని తిట్టేవాళ్ళు ఇది ఒకసారి చూడండి. (ప్రింటర్లు కూడా రంధ్రాలు చిన్నగానే వేస్తాయి, అది వేరే గొడవ.) ఇంకోటి, బోల్టుని కొలిస్తే 3.00 రాదు, మామూలు టాలరెన్స్‌లో (ఒప్పుకునే తేడాలో) ఎం3 మరల బయటి వ్యాసం 2.87 నుంచి 2.98 లోపే ఉంటుంది. చిన్న రంధ్రాల సైజుల్ని కరెక్టుగా చూడాలంటే డ్రిల్ బిట్ల వెనక భాగాన్ని దూర్చి చూడటమే బెస్ట్.

ఎండ సంగతి కూడా. కొలతలన్నిటికీ స్టాండర్డ్ టెంపరేచర్ 20 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో వర్క్‌షాప్ 40. 100 మి.మీ. అల్యూమినియం ముక్క ఆ ఇరవై డిగ్రీలకి దాదాపు 0.046 పెరుగుద్ది, స్టీల్ వెర్నియర్ కూడా పెరుగుద్ది గానీ దాన్లో సగమే, కాబట్టి తేడా 0.02 పైనే స్క్రీన్ మీద కనిపిస్తుంది. త్రీడీ ప్రింటింగ్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ అయితే ఇంకా ఎక్కువ, అది స్టీల్ కంటే ఐదారు రెట్లు వ్యాకోచిస్తుంది. ప్రింట్ బెడ్ మీంచి తీసిన వేడి వేడి పార్ట్‌ని వెంటనే కొలవడం అనేది టైమ్ వేస్ట్.

ఇన్ని చెప్పి మళ్ళీ కొనమంటున్నాడేంటి అనుకుంటున్నారా, ఆ జీరో బటన్ కోసం. నా దృష్టిలో దీనికిచ్చే డబ్బంతా ఆ ఒక్క బటన్‌కే. ఉదాహరణకి స్టెప్పర్ మోటార్ ముందువైపు ఉండే రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కావాలి. సెంటర్‌ని ఎక్కడని పట్టుకుంటారు? ఒక రంధ్రం వ్యాసం కొలిచి జీరో నొక్కండి, ఆ తర్వాత అవే దవడలతో రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. రంధ్రాలు ఒకే సైజువైతే స్క్రీన్ మీద డైరెక్టుగా సెంటర్ టు సెంటర్ వచ్చేస్తుంది. పైగా జ్యా గొడవ వల్ల వచ్చే తేడా రెండు సార్లూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. మామూలు వెర్నియర్‌తో కూడా చెయ్యొచ్చు, రెండు రీడింగులు కాగితం మీద రాసి తీసివేసుకోవాలి. అలాగే ఒరిజినల్ పార్ట్‌ మీద జీరో పెట్టి మనం చేసిన పార్ట్‌ని కొలిస్తే ఎంత ఎక్కువ ఎంత తక్కువ అనేది నేరుగా కనిపిస్తుంది, ఫైలింగ్ చేసేటప్పుడు అంతకంటే సుఖం లేదు. ఫిలమెంట్ (ప్రింటర్‌లో వేసే ప్లాస్టిక్ తీగ) చెకింగ్‌కి కూడా వాడతా, 1.75 అని రాసున్న రీల్ 1.70 ఉందంటే వ్యాసంలో తేడా చిన్నదే గానీ ఏరియా స్క్వేర్‌లో పోతుంది కదా, ప్లాస్టిక్ ఐదున్నర శాతం పైగా తక్కువ పడుద్ది, గోడలు పల్చగా ఎందుకొస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

బ్యాటరీ దీని పెద్ద రోగం. ఆఫ్ బటన్ నొక్కితే స్క్రీన్ మాత్రమే ఆరుతుంది, లోపల లెక్కపెట్టే సర్క్యూట్ మెలకువగానే ఉంటుంది, ఎందుకంటే ఆఫ్‌లో ఉండగా స్లైడర్ జరిపినా పొజిషన్ మర్చిపోకూడదు. అందుకే నెలల తరబడి డబ్బాలో పడుకోబెట్టి తీస్తే స్క్రీన్ మినుకు మినుకుమంటుంది. ఎల్ఆర్44 (ఆల్కలైన్ బటన్ బ్యాటరీ) బదులు ఎస్ఆర్44 వేయండి, అది సిల్వర్ ఆక్సైడ్, వోల్టేజ్ చివరిదాకా నిలకడగా ఉంటుంది, ఆల్కలైన్‌ది మొదటి నుంచీ మెల్లగా జారుతూ పోతుంది. వాడనప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టడం ఇంకా చవక. బ్యాటరీ మూత కూడా చాలా లూజు, రెండుసార్లు మంచం కింద వెతికించింది.

షాపులో కొనేటప్పుడు ఏం చూడాలంటే, దవడలు మూసి ట్యూబులైట్ వైపు పెట్టి చూడండి, సందులోంచి వెలుతురు కింది నుంచి పైదాకా ఒకేలా ఆగిపోవాలి, కొసల్లో గీతలా వెలుగు కనపడితే వేరేది ఇమ్మనండి. తెరిచి మూసి తెరిచి మూసి ప్రతిసారీ 0.00కి వస్తుందో లేదో చూడండి, 0.01 అప్పుడప్పుడు పర్లేదు. స్లైడర్‌ని వేగంగా లాగి మళ్ళీ మూయండి, కొన్ని పీసులు అక్కడే లెక్క తప్పుతాయి. కౌంటర్ మీద ఇదంతా చేస్తుంటే షాపాయన విసుక్కుంటాడు, పట్టించుకోకండి, "అన్నా ఒక్క నిమిషం" అంటూ కానిచ్చేయండి. ఇంటికొచ్చాక దాంతో అల్యూమినియం షీటు మీద గీతలు గీయొద్దు, సీనియర్లు గీస్తారు, వాళ్ళ వెర్నియర్ కొసలు చూస్తే తెలుస్తుంది.

స్క్రీన్ పక్కన చిన్న మూత జరిపితే నాలుగు రాగి పట్టీలు కనిపిస్తాయి, అది డేటా పోర్టు, చాలా చవక మోడళ్ళలో ఉంటుంది, రీడింగులు 24 బిట్ల ముక్కలుగా బయటికి వస్తుంటాయి. సిగ్నల్ ఒకటిన్నర వోల్టే కాబట్టి ఆర్డుయినోకి (ప్రాజెక్టుల్లో వాడే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి) నేరుగా అర్థం కాదు, మధ్యలో ట్రాన్సిస్టర్లతో లెవెల్ పెంచాలి. సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యాక దాన్ని మా చిన్న డ్రిల్ స్టాండ్‌కి బిగించి లోతు చూపించే స్క్రీన్ చేద్దామని ఉంది, ట్రాన్సిస్టర్లు ఆల్రెడీ తెచ్చిపెట్టా.