అమ్మ స్టెరాయిడ్ తగ్గింపు కోసం కొన్న మాత్రల కట్టర్: ఏడు నెలల వాడకం తర్వాత

ఆన్‌లైన్‌లో 180 రూపాయలకి కొన్న ప్లాస్టిక్ కట్టర్ ఇది. మూతకి లోపలివైపు బ్లేడు, కింద మాత్ర ఇరుక్కునే గాడి, అంతే. ఇంత చిన్న వస్తువుకి ఇంత పొడుగు రివ్యూ ఎందుకంటే, దీంతో మేము కోసేది అమ్మ వేసుకునే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. ఆ మందు తగ్గించేటప్పుడు లెక్క తప్పితే మనిషి మంచాన పడుతుందని కళ్లారా చూశాను.

అమ్మకి 68. పోయినేడాది ఉన్నట్టుండి రెండు భుజాలూ తొడలూ పట్టేశాయి. పొద్దున్నే లేవాలంటే నేనో నాన్నో వీపు కింద చెయ్యి పెట్టి లేపాలి, జడ వేసుకుందామంటే చేతులు పైకి వెళ్లేవి కావు, పది దాటాక గానీ మనిషి కదిలేది కాదు. ఒకరు మెడ అరుగుదల అన్నారు, ఒకరు వాతం అన్నారు, నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట మిగిలింది. చివరికి రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల వాతం చూసే డాక్టరు) ఒంట్లో వాపు తెలిపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు చేయించి పాలీమయాల్జియా రుమాటికా అని తేల్చారు. యాభై దాటినవాళ్లకి వచ్చే జబ్బట. రోజుకి 15 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ రాశారు (వైసోలోన్, ఓమ్నాకార్టిల్ పేర్లతో దొరికేది ఇదే). నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది.

అసలు కష్టం తగ్గించేటప్పుడే. 10 దాకా దిగడానికి ఇబ్బంది లేదు, 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు ఎక్కడైనా దొరుకుతాయి. అక్కణ్నుంచి నెలకి 1 మిల్లీగ్రాము చొప్పునే దిగాలి, కానీ మా ఊళ్లో 1 మిల్లీగ్రాము మాత్ర ఏ షాపులోనూ లేదు. 2.5 స్ట్రిప్పు తెప్పిస్తానని ఒక షాపతను మూడుసార్లు తిప్పించాడు. అందుకని డాక్టరు గారు ఇంకో దారి చెప్పారు: ఒకరోజు 10, మర్నాడు 7.5 (అంటే 5 మాత్ర ఒకటిన్నర). సగటున రోజుకి 8.75 పడుతుంది, అంటే 1.25 తగ్గినట్టు. నెల్లాళ్లు నొప్పి రాకుండా ఉంటే రోజూ 7.5, ఆ తర్వాత ఒకరోజు 7.5, ఒకరోజు 5. ఇదంతా కాగితం మీద గళ్లు గీసి ఇచ్చారు, అది మా ఫ్రిజ్ మీదే ఉంటుంది. కణతల దగ్గర కొత్తగా తలనొప్పి వచ్చినా, నమిలేటప్పుడు దవడ లాగినా, చూపు మసకబారినా అదే రోజు పరుగెత్తుకు రావాలని దాని కిందే ఎర్ర సిరాతో రాశారు.

మొదటి వారం కూరగాయల కత్తితోనే కోశాను. మాత్ర ఎగిరి గ్యాస్ స్టవ్ కిందికి పోయేది, లేదంటే ఒకవైపు పొడి అయిపోయేది. పోనీలే అని అమ్మ ఆ పొడి వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకునేది, చేదుకి మొహమంతా ముడుచుకునేది. కట్టర్ వచ్చాక ఆ బాధ లేదు. మాత్ర మీదున్న గీత సరిగ్గా బ్లేడు కిందికి వచ్చేలా పెట్టి మూత ఒక్కసారిగా నొక్కాలి, నెమ్మదిగా నొక్కితే మాత్ర నలుగుతుంది. అలా చేసినా ఒక్కోసారి ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది అవుతాయి, అందుకే ఒకే మాత్ర రెండు ముక్కలనీ వరసగా వచ్చే రెండు అర మాత్రల రోజులకే వాడతాం, కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. ఒకేసారి పది కోసి పెట్టుకోవద్దు. కట్టర్ అడుగున ముక్కలు దాచుకునే అర ఉంది గానీ మేమైతే వాడం, వానాకాలంలో అందులో పెట్టినవి చెమ్మకి మెత్తబడ్డాయి.

దీంతోపాటు వారం డబ్బా కూడా కొన్నాం, ఏడు గళ్లది. రోజు మార్చి రోజు వేసుకునే మందుకి దాంతో ఒక చిక్కుంది. వారంలో ఏడు రోజులు కాబట్టి ఈ సోమవారం 10 అయితే వచ్చే సోమవారం 7.5 అవుతుంది, అమ్మ రెండుసార్లు తికమకపడింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం నేనే నింపుతాను, గోడమీది క్యాలెండర్‌లో అర మాత్ర పడే తేదీలకి సున్నా చుడతాను, అమ్మ టిఫిన్ తినగానే అది చూసి వేసుకుంటుంది.

సగటు 6.25కి వచ్చిన నెలలో, అంటే ఒకరోజు 7.5, ఒకరోజు 5 వేసుకునేటప్పుడు, ఒక పెళ్లికి వెళ్లాం. స్టెరాయిడ్లు ఎముకలు తినేస్తాయని అక్కడ ఎవరో చెబితే అమ్మ మాతో అనకుండా ఐదు రోజులు మొత్తం మానేసింది. వాంతులు, కళ్లు తిరగడం, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం, దానికి తోడు భుజాలు మళ్లీ పట్టేశాయి. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు రోజూ సొంతంగా స్టెరాయిడ్ తయారుచేస్తాయని, అది సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కి సమానమని, నెలల తరబడి బయటినుంచి ఇస్తే అవి పని మానేస్తాయని డాక్టరు గారు అప్పుడే వివరంగా చెప్పారు. ఎముకల భయం నిజమే, దానికి కాల్షియం, విటమిన్ డి మొదటినుంచీ రాస్తున్నారు. మళ్లీ 7.5కి వెళ్లి అక్కణ్నుంచి దిగాం. దయచేసి ఎవరూ ఈ మందు సొంతంగా ఆపొద్దు.

కట్టర్‌కి 5కి 4 ఇస్తాను. ఐదో నెలకి బ్లేడు మొద్దుబారింది, మార్చుకునే వీలు లేదు, ఆ ఒక్కటీ తగ్గించాను. పావు మాత్రలకి మాత్రం దీన్ని నమ్మొద్దు, నాలుగు ముక్కలు సమానంగా రావు. కొన్ని కంపెనీల మాత్రలు కడుపులో కరగకుండా పైపూతతో వస్తాయి, వాటిని అసలు కోయకూడదు, షాపులో అడిగి తీసుకోండి. పిల్లలున్న ఇంట్లో పైన పెట్టండి, మూత తెరిస్తే బ్లేడు బయటికే ఉంటుంది.

అమ్మ ఇప్పుడు రోజుకి 5 మీద ఉంది, జడ తనే వేసుకుంటోంది. రక్తపరీక్ష బాగుంటే వచ్చే నెల నుంచి ఒకరోజు 5, ఒకరోజు 2.5 అన్నారు. ఇదే కట్టర్ ఇంకోటి ఆర్డర్ పెట్టాను.