పేజ్‌స్పీడ్, సెర్చ్ కన్సోల్ సమీక్ష: మీ షాపు సైట్‌కి మరమ్మతు సరిపోతుందా, కొత్తది కావాలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్లలో చీరల కొట్లకీ లాడ్జీలకీ క్లినిక్కులకీ పచ్చళ్ల వ్యాపారాలకీ ఎప్పుడో చేయించి వదిలేసిన వెబ్‌సైట్లు చాలానే ఉన్నాయి. ఉండుండి ఎవరో ఫోన్ చేస్తారు: "సార్, మీ సైట్ పాతదైపోయింది, కొత్తది చేసేద్దాం." నిజంగానే పాతబడిందా, ఫోన్ చేసినాయనకి పని కావాలా అన్నది తేల్చుకోడానికి గూగుల్ ఇచ్చే రెండు ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఒకటి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్, దీనికి లాగిన్ కూడా అక్కర్లేదు. రెండోది సెర్చ్ కన్సోల్. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కలగలిసిన మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు సైట్ల మీద ఇవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో చూద్దాం.

ముందే చెప్పేస్తున్నాం. మొదటిది సైట్ ఎంత బరువుగా ఉందో చెబుతుంది. రెండోది గూగుల్‌లో వెతికేవాళ్లకి సైట్ దొరుకుతోందో లేదో చెబుతుంది. మార్చాలా వద్దా అన్నది మాత్రం రెండూ చెప్పవు. అది మీరే తేల్చుకోవాలి.

పేజ్‌స్పీడ్‌లో సైట్ అడ్రస్ కొట్టాక "మొబైల్" ట్యాబే చూడండి. డెస్క్‌టాప్ మార్కులు చూపించి "92 వచ్చింది సార్" అనేవాళ్లున్నారు. ఇచ్ఛాపురం నుంచో సోంపేట నుంచో పెళ్లి చీరల కోసం వెతికేవాళ్లు చూసేది ఫోన్‌లో కదా. 49 దాకా ఎరుపు, 50 నుంచి 89 నారింజ, 90 నుంచి ఆకుపచ్చ. ఒకే పేజీని వెంటవెంటనే రెండుసార్లు పరీక్షిస్తే మార్కులు ఒకేలా రావు, అది మామూలే. మూడుసార్లు నడిపి మధ్య అంకె తీసుకోండి.

ఈ పరీక్ష నిజంగా మీ ఊరి నెట్‌వర్క్ మీద జరగదు. ఒక మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్, సెకనుకి 1.6 మెగాబిట్ల నెమ్మది 4జీ ఉన్నట్టు ఊహించుకుని లెక్క కడుతుంది. 1.6 మెగాబిట్లంటే సెకనుకి దాదాపు 200 కేబీ. ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫోటోని ఉన్నదున్నట్టు దసరా బ్యానర్‌గా పెట్టేశారనుకోండి, అదొక్కటి దిగడానికే 20 సెకన్లు. ఎర్ర మార్కు చూసి కంగారుపడే సైట్లలో చాలావాటి జబ్బు ఇదే. దీనికి కొత్త సైట్ అక్కర్లేదు. ఫోటోని 1200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో రకంలో సేవ్ చేస్తే 150 కేబీ అటూఇటూగా వస్తుంది. కంటికి తేడా తెలియదు. ఒక సాయంత్రం పని.

ఫోటోల తర్వాతి భారం ఫాంట్లది. గుణింతాలకీ వత్తులకీ విడివిడి ఆకారాలు కావాలి కాబట్టి తెలుగు ఫాంటు ఇంగ్లీషు ఫాంటుకంటే బాగా బరువు, ఒడియాదీ అంతే. మూడు భాషలకీ నాలుగేసి మందాల ఫాంట్లు ప్రతి పేజీలో దించేస్తుంటారు. ఆ పేజీలో ఉన్న భాషకి మామూలుదొకటి, బోల్డ్ ఒకటి ఉంచి మిగతావి తీసేయండి.

రిపోర్టులో మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. తెరమీద అన్నిటికంటే పెద్ద ముక్క కనబడడానికి పట్టే సమయం ఎల్‌సీపీ, ఇది 2.5 సెకన్లలోపు ఉండాలి. నొక్కాక సైట్ స్పందించే సమయం ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు. చదువుతుండగా పేజీ కిందికీ పైకీ గెంతడం సీఎల్‌ఎస్, 0.1 లోపు. 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత తీసేసి ఐఎన్‌పీ పెట్టారు. ఎవరైనా కొటేషన్‌తోపాటు ఎఫ్‌ఐడీ ఉన్న రిపోర్టు పంపితే, అది పాత కాగితమే తిరగేసి ఇచ్చిందని అర్థం.

పైన "నిజమైన వాడకందారుల" భాగం ఖాళీగా కనిపిస్తే భయపడకండి. అది గత 28 రోజుల క్రోమ్ వాడకందారుల లెక్కలతో నిండుతుంది. చిన్న ఊరి షాపుకి అంతమంది రారు, అందుకే ఖాళీ. ఆ ఖాళీని చూపించి "మీ సైట్‌ని గూగుల్ గుర్తించడం లేదు" అని డబ్బు గుంజేవాళ్లున్నారు.

ఇక పేజ్‌స్పీడ్‌కి కనబడనివి. ఇంగ్లీషు కోసం తయారైన థీముల్లో (సైట్ రూపానికి రెడీమేడ్ అచ్చులు) శీర్షికల లైన్ ఎత్తు అక్షరం సైజుకి 1.1 లేదా 1.2 రెట్లు ఉంటుంది. "వస్త్రాలయం" అని పెద్దక్షరాల్లో రాస్తే స కింద ఉండే త వత్తు, రకారం గడి అంచుకి తగిలి సగం తెగిపోతాయి. సైట్ తెరవగానే షాపు పేరే కుంటుతూ కనబడుతుంది, పేజ్‌స్పీడ్ మాత్రం 95 ఇస్తుంది. లైన్ ఎత్తు 1.6కి పెంచితే సరిపోతుంది. ఇదీ మరమ్మతే.

దీనికంటే పెద్ద రోగం పాత ఫాంట్లు. డీటీపీ రోజుల్లో అను ఫాంట్లతో, ఒడియాకి ఆకృతి లాంటివాటితో కొట్టిన మేటర్‌నే కొందరు సైట్‌లో పోసేశారు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటిని తెలుగుగా చూపిస్తుందంతే. ఆ ఫాంటు దొరకని ఫోన్‌లో గజిబిజి గీతలు. ఫాంటు జతచేసినా గూగుల్ చదివేది ఆ గజిబిజినే, కాబట్టి తెలుగులో వెతికినవాళ్లకి మీరు ఎప్పటికీ దొరకరు. పరీక్ష తేలిక: పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే మంచిదే. చెత్త వస్తే పాత ఫాంటు. అసలు సెలక్టే కాకపోతే అది బొమ్మలో ఉన్న రాత. ఉన్న రాతంతా ఇదే తీరైతే ఒక్కో పేజీ అతుకులేయడం దండగ, సైట్ మార్చాల్సిందే. మార్పిడి సాఫ్ట్‌వేర్లతో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే రాతలోకి, తెచ్చుకోవచ్చు గానీ, వత్తుల దగ్గర తప్పులొస్తాయి. ప్రూఫ్ చూడకుండా ఎక్కించవద్దు.

సెర్చ్ కన్సోల్ దగ్గరికొస్తే మొదటి గడపలోనే ఒక నిజం బయటపడుతుంది. సైట్ మొత్తం మీదేనని రుజువు చేయడానికి ప్రధాన దారి, డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డు, అంటే గూగుల్ ఇచ్చే ఒక లైను కోడ్, చేర్చడం. అప్పుడు తెలుస్తుంది, డొమైన్ లాగిన్ ఎవరి దగ్గరా లేదని. ఓటీపీ, అప్పట్లో సైట్ చేసిపెట్టి ఎప్పుడో విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లిపోయిన అబ్బాయి నంబరుకి వెళ్తుంటుంది. రీడిజైన్ సంగతి తర్వాత, ముందు ఆ అబ్బాయిని పట్టుకుని డొమైన్ మీ మెయిల్‌కి, మీ ఫోన్‌కి మార్పించుకోండి. అది దక్కకపోతే కొత్త సైట్‌కి కొత్త పేరు వెతుక్కోవాల్సి వస్తుంది, ఇన్నాళ్లూ గూగుల్‌లో సంపాదించుకున్న పేరు గాలికి పోతుంది.

లోపలికి వెళ్లాక "పెర్ఫార్మెన్స్" పేజీలో 16 నెలల లెక్క దొరుకుతుంది. పోయిన నెలతో ఈ నెల పోల్చకండి, నిరుటి ఇదే నెలతో పోల్చండి. మన వ్యాపారాలు ముహూర్తాల వెంట నడుస్తాయి, అక్కడా జాగ్రత్త కావాలి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ రోజుల్లో పెళ్లి చీరల వెతుకులాట తగ్గితే తప్పు సైట్‌ది కాదు, పంచాంగానిది.

గూగుల్‌లో మీ సైట్ కనబడిన సార్లు తగ్గలేదు, నొక్కినవాళ్లు మాత్రం తగ్గారు అంటే పేజీ శీర్షిక, కింద రెండు లైన్ల వివరణ బాగాలేవన్నమాట. లేదంటే జవాబు గూగుల్ పేజీలోనే దొరికిపోతోంది. కనబడ్డమే, అదీ మొబైల్‌లోనే పడిపోతే సాంకేతిక లోపం వెతకాలి. రెండూ బాగానే ఉండి షాపుకి ఫోన్లు రాకపోతే అప్పుడు అనుమానించాల్సింది డిజైన్‌ని. ఫోన్ నంబర్ బొమ్మలో ఉందేమో, నొక్కితే డయల్ అవుతుందో లేదో, వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉందో లేదో, మ్యాప్ గుర్తు అసలు షాపు మీదే ఉందో పక్క సందులో ఉందో చూడండి.

వెతికిన మాటల జాబితా తప్పకుండా చదవాలి. మనకి బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషులో మరోలా. పైగా పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరూ ఇంచుమించు ఇదే. గంజాం పట్టు కొట్టు సైట్‌కి బెంగాల్ వాళ్లు వచ్చి వెనక్కి పోతుంటే ఆ జాబితాలో తెలిసిపోతుంది. శీర్షికలో "ఒడిశా" లేదా "గంజాం జిల్లా" చేర్చితే చాలు, సైట్ కూల్చక్కర్లేదు.

అలాగే, బ్రౌజర్ "సురక్షితం కాదు" అని చూపిస్తోందంటే సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య నడిచేది రహస్యంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లేదు, లేదా గడువు తీరిందన్నమాట. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చేది ఉచితం, హోస్టింగ్ (సైట్‌ని ఉంచే అద్దె సర్వర్) ప్యానెల్‌లో ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టుకోవాలి. గోపాల్‌పూర్ లాడ్జి రేట్ల పేజీలో ఇంకా "12 శాతం జీఎస్టీ అదనం" అని ఉంటే, రోజుకి 7,500 రూపాయల దాకా ఉండే గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతమైంది. ఒక లైన్ దిద్దితే అయిపోతుంది. ఇవి సైట్ మార్చడానికి కారణాలు కావు.

మార్చక తప్పనివి వేరు. ఫోన్‌లో తెరిస్తే డెస్క్‌టాప్ పేజీ కుంచించుకుపోయి, వేళ్లతో పెద్దది చేసుకుంటేగానీ చదవలేని సైట్. హోస్టింగ్‌లో సైట్‌ని నడిపే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష ఇంకా పాత 7.4 వెర్షన్‌లోనే నడుస్తూ, 8కి మారిస్తే విరిగిపోయే థీము. 7.4కి భద్రతా అప్‌డేట్లు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి, థీము చేసినవాళ్లు వదిలేసి ఉంటే అతుకులతో ఎన్నాళ్లు? ఇంకొకటి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చిన బిజినెస్ డాట్ సైట్ పేజీలు. వాటిని 2024 మార్చిలో మూసేశారు, జూన్ 10 తర్వాత దారిమళ్లింపు కూడా ఆగిపోయింది. విజిటింగ్ కార్డు మీద, బోర్డు మీద ఇంకా ఆ అడ్రసే ఉంటే మార్చండి. అయితే కిరాణా, టైలరింగ్ లాంటి షాపులకి కొత్త సైట్ అవసరమే లేదు. ప్రొఫైల్‌లో టైమింగులు, ఫోటోలు, వాట్సాప్ నంబరు సరిగ్గా ఉంచుకుంటే చాలు.

మార్కులేస్తే పేజ్‌స్పీడ్‌కి 5కి 3. బరువు కచ్చితంగా తూస్తుంది గానీ భాష తెలియదు, పైగా ఒక్క లైను రాత తప్ప ఏమీ లేని పేజీకి కూడా 100 ఇచ్చేస్తుంది. సెర్చ్ కన్సోల్‌కి 4. ఒక మార్కు ఎందుకు పోయిందంటే, ఇవాళ మొదలుపెడితే పాత లెక్కలు పెద్దగా రావు. అందుకే మార్చే ఆలోచన లేకపోయినా ఇవాళే పెట్టేసుకోండి.

మార్చాలనే తేలితే దసరాకి, పెళ్లిళ్ల సీజన్‌కి ముందు ముట్టుకోకండి. పాత పేజీల అడ్రసులన్నీ ఒక ఎక్సెల్‌లో రాసి, ప్రతిదానికీ ఎదురుగా కొత్త అడ్రసు పెట్టి 301 దారిమళ్లింపు (పాత అడ్రసు తెరిచినా శాశ్వతంగా కొత్తదానికే చేర్చడం) చేయమని కొటేషన్‌లోనే రాయించండి. సైట్‌ని వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టి ఉంటే, పని పూర్తయిందన్న రోజు దాని సెట్టింగుల్లో రీడింగ్ పేజీ తెరిచి, సెర్చ్ ఇంజన్లని రావద్దనే గడిలో టిక్ ఉందేమో చూడండి. సైట్ కడుతున్నప్పుడు పెట్టిన ఆ టిక్ తీయడం మరిచిపోతే కొత్త సైట్ గూగుల్‌లోంచి మెల్లగా మాయమవుతుంది. అదీ చూశాకే ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వండి.